తిట్ల గుత్తేదారు

జులై 6

పిన్నికి,

గొంతు ఎలా ఉంది అని అడగబోయి ఆగాను. అడిగితే జవాబు చెప్పడానికి నోరు తెరుస్తావు. తెరవకు. రెండు నెలలు ఒక్క మాట కూడా మాట్లాడొద్దని డాక్టరు చెప్పాడని నాన్న అన్నప్పుడు ముందు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. ఇన్నేళ్లుగా కారు ముందు సీట్లో కూర్చుని, బండి నేర్చుకునే వాళ్లందరి మీదా అరిచిన మనిషివి. నువ్వు మాట్లాడకపోతే మన వాకిలి ఎలా ఉంటుందో ఊహకు అందడం లేదు.

ఫోన్లో సందేశం పంపొచ్చు కదా అంటావేమో. మా ఫోన్లన్నీ ఇనప బీరువాలో ఉన్నాయి. మా సినిమా మాస్టారు పెట్టి తాళం వేశారు. ఈసారి సినిమా తీయడం పూర్తయ్యేదాకా ఇవ్వరట. "ముందు మీ కళ్లతో చూడటం నేర్చుకోండి" అంటారు. ఆయన్ని మేం కత్తెర మాస్టారు అంటాం. ఏది చూపించినా "ఇది కొయ్యి" అనేస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. మేం ఒక్కొక్కరం ఒక చిన్న సినిమా తీయాలి. పిల్లో పిల్లాడో పెద్దవాళ్లయ్యే కథ. ఆ రకం సినిమాలు వారం నుంచీ వరసగా చూపిస్తున్నారు. చూడగా చూడగా నాకు అర్థమైందేమిటంటే, ఆ పిల్లలందరూ ఒకే తల్లి కడుపున పుట్టారు. అందరికీ చివరి వేసవి సెలవులు ఒకటి ఉంటాయి. సైకిలుంటుంది, దాన్ని దిగుడులో చేతులు వదిలేసి తొక్కాలి. గిటారు అబ్బాయి ఒకడుంటాడు, వాడికి వాయించడం పూర్తిగా రాదు. ఎవరో ఒకరు అద్దం ముందు నిలబడి తమ జుట్టు తామే కత్తిరించుకుంటారు. వాన తప్పదు, వానలో తడవడం తప్పదు. ఆ తర్వాత తండ్రితో పెద్ద గొడవ, పళ్లెం పగలడం, తెల్లవారుజామున రైలెక్కి ఇల్లు వదిలి వెళ్లిపోవడం. వీటన్నిటి మీదా పెద్దయినవాళ్ల గొంతు ఒకటి వినిపిస్తుంది, ఆ వేసవి తర్వాత ఏదీ మునుపటిలా లేదని.

ఇవన్నీ వాడుకోవచ్చు కానీ మన ఇంట్లో నిజంగా జరిగింది ఒక్క ముక్కయినా ఉండాలని మాస్టారి షరతు. అక్కడే దెబ్బతిన్నాను. నాకు పందొమ్మిదేళ్లు. నాన్నతో ఒక్కసారీ గొడవ పడలేదు. మామూలు చదువు వద్దు, సినిమా చదువుతానని చెప్పిన రోజున పళ్లెం పగులుతుందని నేను కంచం పక్కకి జరుపుకుని మరీ చెప్పాను. "సరే" అన్నాడు. కాసేపాగి, "అక్కడ చలి ఎక్కువా?" అని అడిగాడు. దీంతో సినిమా ఏం తీస్తాను?

అమ్మ సంగతి మాస్టారికి చెప్పాను. నాకు మూడేళ్లప్పుడు పోయిందని. "అది బాగా పనికొస్తుంది" అన్నారు. కానీ నాకు గుర్తున్నదేమీ లేదు. గుర్తులేనిదాన్ని ఎలా చూపించాలి?

నువ్వే దిక్కు. నేనెప్పుడైనా తిరగబడ్డానా? ఇంట్లోంచి పారిపోయానా? గుర్తు తెచ్చుకుని రాయి. లేకపోతే కల్పించయినా రాయి.

గొడవల కరువులో ఉన్న
ఉడుత


జులై 12

ఉడుతా,

మాట్లాడొద్దన్నారు కానీ రాయొద్దని అనలేదు. గొంతులో కాయలు కాశాయట. చేతులకి కాస్తాయని తెలుసు, కాళ్లకి కాస్తాయని తెలుసు. గొంతులో కూడా కాసేంత కష్టపడ్డానంటే నన్ను చూసి నాకే ముచ్చటేసింది.

మెళ్లో పలక వేలాడదీసుకుని తిరుగుతున్నాను. కారులో పలక కుదరదు కాబట్టి స్కేలు పట్టుకున్నాను. డ్యాష్‌బోర్డు మీద ఒకటి కొడితే బ్రేకు, రెండు కొడితే గేరు, ఆగకుండా కొడితే దేవుణ్ణి తలచుకోమని. నిన్న బ్యాంకు మేనేజరు ఒకాయన నాలుగు రోడ్ల మధ్య బండి ఆపేసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "మీరు అరిస్తేనే బాగుండేదండీ. ఇలా చూస్తుంటే మా ఆవిడ గుర్తొస్తోంది" అన్నాడు. ఇంకో అవమానం ఏమిటంటే, అందరూ మునుపటికన్నా తొందరగా నేర్చుకుంటున్నారు.

నీ ఉత్తరం మొదటిసారి చదివి, ఇదేదో వయసుకొచ్చిన పిల్లల మీద తీసే పాడు సినిమా అనుకుని మడిచి దిండు కింద పెట్టాను. రెండోసారి చదివాక మనసు కుదుటపడింది.

నువ్వు ఇల్లు వదిలి వెళ్లిన మాట నిజమే. ఏడేళ్లప్పుడు. సంచీలో ఒక గౌను, రెండు పెన్సిళ్లు పెట్టుకుని ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయావు. వెళ్లి వెళ్లి మీ నాన్న కళ్లద్దాల షాపుకే వెళ్లావు. కౌంటరు కింద దూరి కూర్చున్నావట. మీ నాన్న చూశాడు, ఏమీ అనలేదు. పని చేసుకుంటూ ఉన్నాడు. షాపు మూసేటప్పుడు కిందికి వంగి "ఇంక వెళ్దామా?" అన్నాడు. ఇద్దరూ వచ్చేశారు. దాన్ని ఇల్లు వదలడం అనరు, షాపుకి వెళ్లడం అంటారు.

మీ నాన్నకి కోపం రాదనుకుంటున్నావు చూడు, అక్కడ నువ్వు పొరబడ్డావు. నువ్వు లెక్కల్లో పోయినప్పుడు ఏం జరిగిందో గుర్తు చేసుకో. నాన్న ఏమన్నాడు? ఏమీ అనలేదు. తిట్టిందెవరు? నేను. నాకెవరు చెప్పారు? మీ నాన్నే. వచ్చి నా గుమ్మంలో నిలబడి, "అది లెక్కల్లో పోయింది" అని చెప్పి వెళ్లిపోయాడు. అంటే వెళ్లి నాలుగు పెట్టమని. సైకిలు పోగొట్టుకున్నప్పుడూ అంతే, అబద్ధం చెప్పి ఆటకు వెళ్లినప్పుడూ అంతే. ఒకే వాకిలి, రెండు వాటాలు, మధ్యన సన్నపు గోడ. ఆయన ఇటు వచ్చి ఒక ముక్క చెప్పేవాడు, నేను అటు వచ్చి వంద ముక్కలు అనేదాన్ని. మీ అమ్మ పోయాక, తల్లిలేని పిల్లని గట్టిగా అనలేనన్నాడు. నేను అనగలను కాబట్టి అన్నాను. అలా మీ ఇంటి తిట్లన్నీ నేను గుత్తకు తీసుకున్నట్టయింది.

ఇవేవీ సినిమాకి పనికిరావని తెలుసు. గిటారు కూడా లేదు.

పలకమ్మ
(వీధిలో పిల్లలు పెట్టిన పేరు)


జులై 21

పిన్నీ,

తొందరలో రాస్తున్నాను, బయట పిలుస్తున్నారు. నీ ఉత్తరం చదివాక అంతా తేలిపోయింది. ఎవరి కథో ఎందుకు, ఇది నా కథే. దాచేదేముంది. అమ్మాయి కోసం చాలా వెతికాం, చివరికి అమ్మాయి నేనే.

అబ్బాయి దొరికాడు. నాకంటే ఏడాది పెద్ద. మెడ పొడుగు, గిటారుంది, దానికి తీగలు మూడే. నాకు అదే నచ్చింది. నిన్న వానలో ఇద్దరం గంటసేపు తడిశాం, వీధిలో అందరూ చూస్తూనే ఉన్నారు. మొదట సిగ్గేసింది, తర్వాత అలవాటైపోయింది. రేపు జుట్టు కత్తిరించేసుకుంటాను. ఇరవయ్యెనిమిదిన తెల్లవారుజాము రైలుకి టిక్కెట్లు కూడా తీసుకున్నాం. ఇల్లు వదిలేది ఆ రోజే.

నాన్నకి మాత్రం ఇప్పుడే చెప్పకు. అంతా అయిపోయాక ఒక్కసారిగా చూడాలి. అప్పుడు ఆయన ముఖం ఎలా ఉంటుందోనని తలచుకుంటేనే ఆనందంగా ఉంది.

ఉడుత


జులై 26

ఉడుతా అని పిలవడానికి కూడా మనసు రావడం లేదు.

సినిమా అన్నావు, నమ్మాను. పిన్నీ నువ్వే దిక్కు అన్నావు, పొంగిపోయాను. నువ్వు ఏడేళ్లప్పుడు ఇల్లు వదిలిన సంగతి నా చేత్తోనే రాసి, నీకు దారి చూపించాను. నీ ఉత్తరం చేతికొచ్చినప్పుడు కారులో ఉన్నాను. చదువుతూ స్కేలు ఆగకుండా కొట్టానట. బ్యాంకు మేనేజరు బండి ఆపి, దిగి, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

మూడు తీగల గిటారా? మిగతా మూడూ కొనుక్కోలేనివాడు నిన్నేం చూసుకుంటాడు?

అరుద్దామంటే గొంతు లేదు. మీ నాన్న షాపుకి పరుగెత్తాను. చెప్పొద్దన్నావు, నాకు గుర్తుంది. అయినా వెళ్లాను. మీ నాన్న ఒక పెద్దాయన ముక్కు మీద టెస్టు ఫ్రేము పెట్టి, అద్దాలు మార్చి మార్చి "ఇది బాగుందా, అది బాగుందా" అని అడుగుతున్నాడు. నేను పలక మీద రాసి చూపించాను. "ఉడుత. అబ్బాయి. రైలు." పలక చిన్నది, అంతకంటే పట్టలేదు. తర్వాత నీ ఉత్తరం ఇచ్చాను.

చదివాడు. మళ్లీ చదివాడు. మామూలుగా అయితే, "అది ఇలా చేసిందట" అని నాతో చెప్పి ఊరుకోవాలి. ఈసారి నాకే ముందు తెలుసు, నాకేమో మాట లేదు. నావైపు చూశాడు. నేను గొంతు మీద చెయ్యి పెట్టుకుని చూపించాను. అప్పుడు ఆయనకి అర్థమైంది, ఈ పని తనే చెయ్యాలని.

లేచి షాపు మూసేశాడు. పట్టపగలు మీ నాన్న షాపు మూయడం నేను చూడలేదు. ఆ పెద్దాయన టెస్టు ఫ్రేముతోనే వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. మీ నాన్న వెనక్కి కూడా చూడకుండా బస్సెక్కాడు.

ఈ ఉత్తరం కంటే ముందే నీ దగ్గరికి వస్తాడు. ఆయన ఏమన్నా పడు. ఎలా తిట్టాలో పాపం ఆయనకి తెలియదు, తప్పులు పోతే సర్దుకో.

పిన్ని


జులై 28

పిన్నీ,

అబ్బాయి సినిమాలో అబ్బాయి. వాన సినిమాలో వాన. రైలు సినిమాలో రైలు. నా మొదటి ఉత్తరంలో ఇవన్నీ వరసగా రాశాను కదా. ఎక్కడ పెట్టావు దాన్ని? ఇంకా దిండు కిందేనా?

సరే, ఏం జరిగిందో విను. నిన్న పొద్దున్నే హాస్టలు కాపలాదారు వచ్చి మీ నాన్నగారు గేటు దగ్గరున్నారని చెప్పాడు. పరుగెత్తాను. చేతిలో చిన్న పొట్లం పట్టుకుని నిలబడి ఉన్నాడు. చొక్కా నలిగిపోయింది. కళ్లద్దాల మీద దుమ్ముంది. నాన్న అద్దాల మీద దుమ్ము నేనెప్పుడూ చూడలేదు.

"ఎక్కడ వాడు?" అన్నాడు.

"ఎవరు?"

"గిటారు."

షూటింగు కోసం వాడు అప్పటికే వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లేచి నమస్కారం పెట్టాడు. నాన్న వాడి ముఖంలోకి చాలాసేపు చూశాడు. 

"ఎడమ కన్ను చిట్లిస్తున్నావు. సైటుంది. చూపించుకో" అన్నాడు.

వాడు నిజంగానే ఒక కన్ను మూసుకుని గేటు మీది అక్షరాలు చదువుకోవడం మొదలుపెట్టాడు. నాన్న నా వైపు తిరిగాడు.

"రైలెప్పుడు?"

సినిమా సంగతి నువ్వు చెప్పేశావనుకున్నాను. "రేపు తెల్లవారుజామున. పిన్ని చెప్పేసిందా? నువ్వు ఆశ్చర్యపోవాలనుకున్నాను."

"ఆశ్చర్యంగానే ఉంది" అన్నాడు. అనేటప్పుడు గడ్డం వణికింది. అప్పుడు తెలిసింది నాకు, నాన్నకి కోపం వచ్చిందని. నా కోసం, నా మీద, మొదటిసారి. ఎలా చెప్పను పిన్నీ, మూడు వారాలుగా నేను వెతుకుతున్నది నా కళ్ల ముందు నిలబడి ఉంది. మతి పోయింది.

"నాన్నా, అలాగే ఉండు. ఒక్క నిమిషం. కెమెరా తెస్తాను" అన్నాను.

నాన్న అరిచాడు. పక్కన చెట్టు మీది కాకులు లేచిపోయాయి.

"నేనేమన్నా బొమ్మనా? నువ్వు ఏది అడిగినా సరే అన్నాను. సరే అంటే నాకేమీ అనిపించదనుకున్నావా? సినిమా చదువుతానన్నావు, సరే అన్నాను. ఆ వారమంతా షాపులో ఒక్క అద్దం తిన్నగా కోయలేకపోయాను. వెళ్తే వెళ్లు. చెప్పి వెళ్లు. మీ అమ్మ చెప్పకుండా వెళ్లిపోయింది. నువ్వు కూడానా?"

పిన్నీ, నేను ఏడవాలి కదా. ఏడవలేదు. నేనూ అరిచాను. ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, నీ గొంతే వచ్చింది.

"నాకెలా తెలుస్తుంది? నీ సరేలో వెళ్లమని ఉందో ఉండమని ఉందో నాకెలా తెలుస్తుంది? వద్దని ఒక్కసారి అనొచ్చు కదా. అంటే నేను ఆగేదాన్నో పోట్లాడేదాన్నో. నీ సరేతో నేనేం చేసుకోను?"

 అప్పుడు చెప్పాను, ఇదంతా సినిమా అని. నాన్న నమ్మలేదు. గిటారు ముందుకు వచ్చి, "నిజమేనండీ. నాకు వాయించడం కూడా రాదు. ఈ గిటారు మా మామయ్యది" అన్నాడు.

నాన్న ఆ మూడు తీగల వైపు చూశాడు. వెనక్కి తిరిగి నడిచి వెళ్లిపోయాడు. వీధి చివర మలుపు తిరిగాడు, కనబడలేదు. నేను గేటు పట్టుకుని నిలబడ్డాను.

మళ్లీ మలుపులోంచి వచ్చాడు. అదే నడక. దగ్గరికి వచ్చి పొట్లం ఇచ్చాడు. "కొత్త అద్దాలు. పోయిన సెలవుల్లో చూశాను కదా, నీ పవర్ మారింది. పెట్టుకో" అన్నాడు. పెట్టుకున్నాను. చెవి వెనక వేలు పెట్టి, కాడ కొంచెం వంచి సరిచేశాడు. "బిగుతుగా ఉందా?" అన్నాడు. లేదన్నాను. "సరే" అన్నాడు. ఈసారి నిజంగానే వెళ్లిపోయాడు.

నాన్న ఇల్లు చేరాడా? ఎలా ఉన్నాడో వెంటనే రాయి.

ఉడుత

ఇంకో సంగతి. మా గదిలో అమ్మాయి మూడో అంతస్తులో నిలబడి, కొత్త లెన్సు ఎలా ఉందోనని చూస్తూ ఈ మొత్తం తీసేసింది. మాటలు వినబడవు. మనుషులు మాత్రం కనబడతారు.


ఆగస్టు 3

ఉడుతా,

నీ మొదటి ఉత్తరం దొరికింది. దిండు కింద కాదు, పరుపు కింద. అందులో అబ్బాయీ ఉన్నాడు, వానా ఉంది, రైలూ ఉంది. తప్పు నాదే. ఇంతకంటే ఎక్కువ ఒప్పుకోను, ఎందుకంటే "సినిమాలో" అనే మాట ఆ రెండో ఉత్తరంలో ఒక్కచోట కూడా రాయలేదు నువ్వు.

మీ నాన్న క్షేమంగా వచ్చాడు. మర్నాడు షాపు తెరిచాడు. టెస్టు ఫ్రేముతో వెళ్లిన పెద్దాయన అప్పటికే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. దాంతో లోకం ఎంతో బాగా కనిపించిందట, వేరే ఏదీ వద్దు, ఇదే అమ్మమంటాడు. మీ నాన్న ఎంత చెప్పినా వినలేదు.

సాయంత్రం మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "దాని మీద అరిచాను" అన్నాడు. ఎవరి జేబో కొట్టినవాడిలా చెప్పాడు. "నడివీధిలో" అన్నాడు మళ్లీ. నేను పలక మీద "మంచిదే" అని రాశాను. చదివి, నా చేతిలో బలపం తీసుకున్నాడు. మాట్లాడగలిగిన మనిషి, అయినా బలపం తీసుకుని దాని కిందే రాశాడు. "అదీ అరిచింది."

రాసి దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఆ ముఖంలో ఉన్నది బాధో గర్వమో నాకు తెలియలేదు. పలక తుడవకుండా వెళ్లిపోయాడు. నేనూ మర్నాటిదాకా తుడవలేదు.

కానీ ఆ తర్వాత మళ్లీ మూసుకుపోయాడు. నీ పేరెత్తడు. పిల్ల భయపడి ఉంటుందని బాధ. అడగడానికి మొహమాటం. ఏదో ఒకటి చెయ్యి.

పలకమ్మ


ఆగస్టు 18

పిన్నీ,

రైలు సీను తీశాం. బాగా రాలేదు. రైలు అనుకున్న సమయానికే వచ్చింది, గిటారు ఆలస్యంగా వచ్చాడు. అప్పట్లో వాయిదా పడిన జుట్టు సీను మొన్న సగంలో ఉండగా మాస్టారు వచ్చి "ఇది కొయ్యి" అన్నారు. సీను పోయింది. జుట్టు మాత్రం తిరిగి రాదు కదా. ఒకవైపు చెవిదాకా, ఒకవైపు భుజందాకా ఉంది.

ఇంతలో మా గది అమ్మాయి ఆ రోజు తీసిన ముక్క మాస్టారికి చూపించేసింది. ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. ఆయన అలా జరగడం మేమెవరం చూడలేదు. "ఇదీ సినిమా. మిగతాదంతా పారెయ్యి" అన్నారు. "కానీ తండ్రి మలుపు తిరిగాక కొయ్యి. ఈ రకం కథలో కోపంతో వెళ్లిన తండ్రి నాలుగు నిమిషాల్లో తిరిగి రాడు. వస్తే బరువంతా పోతుంది."

ముందు సంబరపడ్డాను. తర్వాత గుర్తొచ్చింది. ఆయన బొమ్మనా అని అరిచిన అరుపునే నేను బొమ్మ చేయబోతున్నాను. అడక్కుండా వేస్తే ఆయన ముఖం చూడలేను. అడగాలంటే ధైర్యం లేదు. సరే అనేస్తాడేమోనని భయం. ఆ సరేలో ఏముందో మళ్లీ నాకు తెలియదు.

నువ్వే అడిగిపెట్టు. పలక మీద రాసి చూపించు, ముఖం ఎలా మారిందో నాకు రాయి. ఇదొక్కసారే.

ఉడుత


ఆగస్టు 24

ఉడుతా,

అడగను.

కారణం చెప్తాను, గుండె గట్టిగా పట్టుకో. పది రోజుల కిందటే డాక్టరు నా గొంతు చూసి, కాయలు కరిగిపోయాయి, మెల్లగా మాట్లాడుకోవచ్చు అన్నాడు. ఆసుపత్రి మెట్ల మీద నాలో నేను మాట్లాడుకుని చూశాను. బాగానే ఉంది, కాస్త మగ గొంతులా వస్తోంది. ఇంటికి వచ్చేసరికి మీ నాన్న వాకిట్లో ఉన్నాడు. "ఏమన్నాడు డాక్టరు?" అని అడిగాడు. చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడనిపించింది, నేను మాట్లాడిన మరుక్షణం ఈయన మాట్లాడటం మానేస్తాడని. మళ్లీ గుమ్మంలోకి వచ్చి ఒక ముక్క చెప్పి, మిగతాది నామీద పెట్టి వెళ్లిపోతాడు. నువ్వేమో ఉత్తరం రాసి నామీద పెడతావు. ఇద్దరూ హాయిగా ఉంటారు. ఒకరికొకరు మాత్రం తెలియరు.

నోరు మూసుకుని, పలక మీద "ఇంకా టైము పడుతుంది" అని రాశాను.

నీకు మాట్లాడకుండా ఉండటమంటే ఏమిటో తెలియదు. మాట రాక ఊరుకోవడం ఒకటి, వచ్చి ఊరుకోవడం ఇంకొకటి. నిన్న ఒకతను గేటు తీయకుండానే బండి లోపలికి పెట్టాడు. పెదవి కొరుక్కున్నాను, ఇంకా వాచి ఉంది. మీ ఇద్దరి కోసం ఇది భరిస్తున్నాను. ఎక్కువ రోజులు భరించలేను.

హాస్టలు ఆఫీసులో ఫోనుంటుంది. షాపు నెంబరు నీకు తెలుసు.

పిన్ని


సెప్టెంబరు 9

పిన్నీ,

నీ ఉత్తరం చదివి నీ మీద కోపం వచ్చింది, నవ్వొచ్చింది, ఆఫీసు గదికి వెళ్లి ఫోను ఎత్తాను.

"నాన్నా, ఆ రోజు మనం పోట్లాడుకున్నది పైనుంచి ఒకమ్మాయి తీసింది. నా సినిమాలో వెయ్యాలని ఉంది. నీకిష్టం లేకపోతే వెయ్యను. సరే అనకు. ఆలోచించి చెప్పు."

 షాపులో అద్దాలు అరగదీసే మిషను చప్పుడు మాత్రం వినిపిస్తోంది. తర్వాత అది ఆగింది.

"నేను అరవడం ఉందా?"

"ఉంది. మాటలు వినపడవు."

"నేను వెళ్లిపోవడం?"

"ఉంది."

"తిరిగి రావడం?"

మాస్టారు దాన్ని కోసెయ్యమన్నారని చెప్పాను. అప్పుడు నాన్న గట్టిగా అన్నాడు. "వేసుకో. కానీ నేను తిరిగొచ్చేదాకా ఉంచు. లేకపోతే వెళ్లిపోయాననుకుంటారు."

అంతే పిన్నీ. నేను వెళ్లి మాస్టారితో చెప్పాను, కొయ్యనని. మార్కులు పోతాయన్నారు. పోనివ్వండన్నాను. వానా, గిటారూ, రైలూ అన్నీ పారేశాను. ఒక గేటు, ఒక వీధి, ఇద్దరు మనుషులు. అంతే మిగిలింది.

మొన్న అందరి సినిమాలూ వేశారు. నాన్నని రమ్మన్నాను. వచ్చాడు. నా సగం జుట్టు చూశాడు, ఏదో అనబోయాడు, లైట్లు ఆరిపోయాయి. నాన్న మలుపు తిరిగి కనబడకుండా పోయినప్పుడు హాల్లో ఒకరిద్దరు అయ్యో అన్నారు. మళ్లీ మలుపులోంచి రాగానే అందరూ ఫక్కున నవ్వారు. నాన్న నా పక్కన బిగుసుకుపోయాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆ తర్వాత ఆయన వేలు నా చెవి వెనక కాడ సరిచేస్తుంటే ఒక్కరూ నవ్వలేదు. నా వెనక సీట్లో ఎవరో ముక్కు చీదారు. చూస్తే గిటారు, కొత్త కళ్లద్దాలతో.

అయిపోయాక మాస్టారు నాన్న దగ్గరికి వచ్చారు. "మీరు మలుపు తిరిగినప్పుడే ఆపేసి ఉంటే ఇంకా గొప్పగా ఉండేదండీ" అన్నారు.

"మరి అద్దాలెవరిస్తారండీ?" అన్నాడు నాన్న.

మాస్టారు తల ఊపారు. మార్కులు మాత్రం అన్నట్టే తగ్గించారు.

బస్టాండుకి నడుస్తూ నాన్నకి ఇంకో సంగతి చెప్పాను. సెలవులకి ఇంటికి రావడం లేదు, ఇక్కడ ఎడిటింగు గదిలో పని ఇస్తామన్నారు, చేరతాను అని. నాన్న నోరు సరే అనడానికే తెరుచుకుంది. చూశాను నేను. మూసుకుని, మళ్లీ తెరిచి, "వద్దు" అన్నాడు. ఎందుకొద్దన్నాను. సరిగ్గా తినవన్నాడు. తింటానన్నాను. జుట్టు చూసుకున్నావా, నీ సంగతి నువ్వు చూసుకునేదానిలా ఉన్నావా అన్నాడు. నేనూ ఊరుకోలేదు. బస్సు వచ్చింది. గొడవ మధ్యలో ఉందని పోనిచ్చాం. తర్వాతి బస్సులో వెళ్లాడు, తేలకుండానే.

నేను చేరాలనుకుంటున్నాను పిన్నీ. నిజంగా. గొంతు వచ్చింది కాబట్టి నువ్వు కొంచెం నాన్నకి నచ్చజెప్పగలవా?

ఉడుత


సెప్టెంబరు 15

ఉడుతా,

పట్టుబడిపోయాను. మొన్న సాయంత్రం మన వీధిలోకే బండి తిప్పిస్తున్నాను. బ్యాంకు మేనేజరు మళ్లీ చేరాడు, ఆయనే నడుపుతున్నాడు. మీ నాన్న షాపునుంచి వస్తూ, తనలో తనే ఏదో గొణుక్కుంటూ, చూసుకోకుండా రోడ్డు దాటాడు. స్కేలు ఎక్కడుందో కూడా గుర్తు రాలేదు. "బ్రేకు" అని ఒక్క కేక పెట్టాను. బండి ఆగింది. మేనేజరు స్టీరింగు మీద తల పెట్టుకుని, "అమ్మయ్య, వచ్చేసిందండీ" అన్నాడు. మీ నాన్న రోడ్డు మధ్యలో నిలబడి నన్ను చూస్తున్నాడు.

"ఎప్పటినుంచి?" అన్నాడు.

చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. తల ఊపి లోపలికి వెళ్లిపోయాడు.

నువ్వడిగావు కదా అని రాత్రి అన్నాలయ్యాక మీ వాటాలోకి వెళ్లాను. కూర్చుని గొంతు సవరించుకున్నాను. "బావా, ఉడుత ఉద్యోగం సంగతి" అని మొదలుపెట్టాను, అంతే. చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీ గొంతు వచ్చింది, సంతోషం. దాన్ని జాగ్రత్తగా చూసుకో" అన్నాడు. "దీంట్లోకి నువ్వు రాకు. అది నా కూతురు. నేను పోట్లాడుకుంటాను."

ఇన్నేళ్ల గుత్త ఒక్క మాటతో రద్దు చేశాడు. లేచి వచ్చేశాను. వచ్చి వాకిట్లో కూర్చుని కాసేపు ఏడ్చాను, ఎందుకో నీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఇది రాస్తుంటే, గోడవతల మీ నాన్న నీకు ఉత్తరం రాస్తున్నాడు. రాసే ప్రతి ముక్కా పైకి చదువుకుంటున్నాడు, గోడ సన్నం కదా. మూడు కాగితాలు చింపాడు. నాలుగోది సాగుతోంది. కోపంగానే ఉన్నాడు. నేను నచ్చజెప్పను. నువ్వు కూడా గట్టిగానే జవాబు రాయి.

పిన్ని